హైదరాబాదు నుంచి హంపికి కారులో: బౌల్డరింగ్ ప్రయాణానికి ఎలా సిద్ధం కావాలి

చలి మొదలయ్యేసరికి ఒకటే ప్రశ్న పదేపదే వస్తుంది. హంపికి కారులో వెళ్లి నాలుగు రోజులు రాళ్లెక్కి రావాలంటే ఏం చేయాలి? అడిగేవాళ్లలో చాలామంది నగరంలోని కృత్రిమ గోడల మీద కొన్ని నెలలు సాధన చేసినవాళ్లే. ఏ గుండు (పెద్ద బండరాయి) ఎక్కాలి, దాని గ్రేడు (ఎంత కష్టమో చెప్పే స్థాయి) ఎంత అన్న దాని మీదే వాళ్ల ధ్యాసంతా. నేను చూసినంతలో ఈ ప్రయాణాలు చెడేది కారు సర్దడంలో, బయల్దేరే వేళలో, అంతకంటే ఎక్కువగా తిరుగు దారిలో. అందుకే ఇక్కడ రాళ్ల కంటే రోడ్డు గురించే ఎక్కువ చెబుతున్నాను.

ఇది తాడు వాడకుండా గుండ్లను ఎక్కే బౌల్డరింగ్ కోసం రాసింది. తాడుతో ఎక్కాలనుకునేవాళ్లు బాదామి వెళ్లాలి. అక్కడిది ఇసుకరాయి. బోల్టులు బిగించిన మార్గాలుంటాయి. సామానూ వేరు, నేర్పూ వేరు. వాన పడ్డాక ఇసుకరాయి పట్టులు విరిగే ప్రమాదం ఉంటుంది కనుక అది బాగా ఆరేదాకా ముట్టుకోకూడదు. కారుకు సంబంధించిన జాగ్రత్తలు మాత్రం రెండు చోట్లకూ ఒకటే.

ఇంకో మాట. బయటి రాయిని ఒక్కసారైనా ముట్టుకోకుండా 370 కిలోమీటర్లు వెళ్లకండి. హైదరాబాదులోని ఖాజాగూడ గుట్టల మీద ఒకటి రెండు ఉదయాలు గడపండి. హంపిలాగే అక్కడిదీ గ్రానైటే. గరుకు రాయి చేతికి ఎలా తగులుతుందో, కృత్రిమ గోడ మీద ఉండే రంగు పట్టులు లేనిచోట కాలు ఎక్కడ పెట్టాలో అక్కడే తెలిసిపోతుంది. పద్ధతిగా నేర్చుకోవాలంటే భువనగిరిలో శిక్షణ కేంద్రం ఉంది. 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట రాళ్లెక్కింది ఆ కొండ మీదే.

కావలసినవి

ఎక్కడానికి: క్లైంబింగ్ షూలు, చేతి చెమట పీల్చే చాక్ పొడి, దాని సంచి, నైలాను బ్రష్, వేళ్లకు చుట్టే టేపు, గోళ్ల కత్తెర, సన్నని గరుకు కాగితం, ముగ్గురికి కనీసం రెండు క్రాష్ ప్యాడ్లు (పడితే దెబ్బ తగలకుండా గుండు కింద పరిచే మందపాటి ఫోము పరుపులు).

ఒంటికి: మనిషికి రోజుకు 4 లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, టోపీ, తలకు కట్టుకునే లైటు, రాళ్ల మధ్య నడవడానికి మందపాటి అడుగున్న బూట్లు, క్రేప్ బ్యాండేజీ, గాయాల మందులు.

కారుకు: గాలి సరిగా ఉన్న స్టెప్నీ, జాకీ, వీల్ స్పానర్, కారులోనే పనిచేసే చిన్న గాలి పంపు, ట్యూబ్‌లెస్ టైర్ల పంక్చరు కిట్టు, టార్చి, ప్రతిఫలించే త్రికోణం, రెండు రాచెట్ బెల్టులు, టార్పాలిన్ పట్టా.

కాగితాలు: లైసెన్సు, ఆర్సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం. డిజిలాకర్‌లో ఉన్నా ఫోనులో కూడా దాచుకోండి, సిగ్నలు లేనిచోట అక్కరకొస్తాయి. ఫాస్టాగ్‌లో డబ్బు ముందు రోజే వేసుకోండి. మీరే నడిపే అద్దె కారైతే కర్ణాటకలోకి వెళ్లేందుకు పర్మిట్ ఉందో లేదో తాళాలు తీసుకునే ముందే అడగండి.

1. తేదీలు ఖాయం చేసుకోండి

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వెళ్లండి. మార్చి దాటితే రాయి పొద్దున పదింటికే కాలుతుంది. వానాకాలంలో గుండ్ల మీద నాచు, పొదల్లో పాములు ఉంటాయి.

కనీసం నాలుగు రోజులు కావాలి. రానుపోను ప్రయాణానికి రెండు, ఎక్కడానికి రెండు. శుక్రవారం రాత్రి బయల్దేరి ఆదివారం రాత్రికి తిరిగొచ్చే పథకంతో చాలామంది వస్తారు. వద్దనే చెబుతాను. అందులో నిద్ర లెక్కే ఉండదు. రెండు రోజులే సెలవు దొరికితే ఖాజాగూడకే వెళ్లండి.

2. నదికి ఏ ఒడ్డున దిగుతారో తేల్చుకోండి

అందరూ తప్పేది ఇక్కడే. ఫోను మ్యాపులో 'హంపి' అని కొడితే విరూపాక్షాలయం ఉన్న దక్షిణపు ఒడ్డుకు తీసుకెళ్తుంది. మీకు కావలసిన గుండ్లలో ఎక్కువ భాగం ఉత్తరపు ఒడ్డున, ఆనెగుంది, సణాపుర చుట్టుపక్కల ఉన్నాయి. మధ్యలో తుంగభద్ర. మనుషులైతే పడవలో దాటవచ్చు, కారు దాటలేదు. పొరపాటున ఆ ఒడ్డుకు చేరితే వంతెన దాకా చుట్టూ తిరిగి రావాలి. రోజంతా కారు నడిపి అలిసిపోయిన సాయంత్రం ఆ చుట్టు తిరగడం ఎంత విసుగో చెప్పలేను. మ్యాపులో గమ్యంగా ఆనెగుంది అనో సణాపుర అనో పెట్టుకోండి.

పాత వివరాల్ని నమ్ముకుని బస వెతకవద్దు. ఒకప్పుడు క్లైంబర్లంతా విరుపాపుర గడ్డెలో దిగేవారు. 2020లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అక్కడి అతిథి గృహాలను కూల్చేశారు. ఇప్పుడు సణాపుర, ఆనెగుంది వైపు గదులు చూసుకోండి. బుక్ చేసేటప్పుడే రెండు ప్రశ్నలు అడగండి: కారు ఆవరణలోపల నిలుపుకోవచ్చా? క్రాష్ ప్యాడ్లు అద్దెకు దొరుకుతాయా, ఆ తేదీల్లో మిగిలి ఉన్నాయా? డిసెంబరు చివర, సంక్రాంతి సెలవుల్లో ప్యాడ్లకు గిరాకీ ఎక్కువ. అక్కడికెళ్లాక చూద్దాంలే అనుకుంటే ఖాళీ చేతులతో గుండ్లను చూసి రావడమే.

3. కారును వారం ముందే చూసుకోండి

బయల్దేరే రోజు పొద్దున కాదు, వారం ముందు. ఏదైనా మార్చాల్సి వస్తే మెకానిక్‌కు సమయం ఉండాలి. బ్రేకులు, కూలెంట్, ఇంజను ఆయిలు, వైపరు, అన్ని లైట్లూ చూడండి. స్టెప్నీ గాలి తప్పకుండా కొలవండి. ఏడాదిగా ఎవరూ ముట్టుకోని స్టెప్నీ సగం గాలితో ఉండటం మామూలే.

టైర్లలో గాలి ఎంతుండాలో డ్రైవరు తలుపు పక్కన అతికించిన స్టిక్కరు మీద ఉంటుంది. అందులో రెండు అంకెలుంటే నిండు బరువుకు చెప్పినది పాటించండి. నలుగురు మనుషులు, ప్యాడ్లు, నీళ్ల డబ్బాలు వేస్తే మీ కారు నిండు బరువుతో ఉన్నట్టే. టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

4. సామాను సర్దండి

మన కార్లలో ఎక్కువ వాటికి స్టెప్నీ డిక్కీ అడుగున ఉంటుంది. దాని మీద ప్యాడ్లు, సంచులు, బియ్యం డబ్బా అన్నీ పేర్చేస్తారు. మాన్వి దాటాక ఎండలో పంక్చరైతే ఆ సంసారమంతా రోడ్డు పక్కన పరవాల్సిందే. జాకీ, స్పానర్, పంపు, పంక్చరు కిట్టు డిక్కీలో వద్దు, వెనక సీటు కాళ్ల దగ్గర పెట్టండి. చిన్న పంక్చరైతే డిక్కీ తెరవకుండానే పని జరిగిపోతుంది.

ప్యాడ్లు లోపల పడితే లోపలే పెట్టండి. కానీ వెనక అద్దం పూర్తిగా మూసేయకండి. పట్టకపోతే పైకప్పు క్యారియరు మీద కట్టాలి. అందుకో పద్ధతి ఉంది:

– ప్యాడ్ మడత కారు ముందు వైపుకు, తెరుచుకునే నోరు వెనక వైపుకు ఉండాలి. తిప్పి పెడితే గాలి లోపలికి దూరి ప్యాడ్‌ను ఎత్తేస్తుంది.
– భుజం పట్టీలు, కొక్కేలు కింది వైపుకు తిప్పండి. వేలాడేవి ఏవీ మిగలకూడదు.
– సాగే రబ్బరు తాళ్లు వద్దు. రాచెట్ బెల్టులు రెండు వేయండి. బెల్టుకు ఒక మెలిక వేస్తే గాలికి మోత తగ్గుతుంది.
– షాద్‌నగర్ చేరేలోపు ఒకసారి ఆపి మళ్లీ బిగించండి. ఫోము అణిగి బెల్టు తప్పకుండా వదులవుతుంది.

సరిగ్గా కట్టారో లేదో తెలుసుకోవాలంటే ప్యాడ్‌ను రెండు చేతులతో పట్టుకుని పక్కలకు గట్టిగా ఊపండి. ప్యాడ్‌తో పాటు కారంతా ఊగాలి. ప్యాడ్ ఒక్కటే కదిలితే మళ్లీ కట్టండి.

షూలను ఎండలో నిలిపిన కారులో వదలకండి. వేడికి జిగురు కరిగి రబ్బరు ఊడుతుంది. చాక్ సంచిని ఇంకో కవరులో వేసి ముడి వేయండి. లేకపోతే సీట్లకు పట్టిన ఆ తెల్లపొడి వచ్చే దసరాకు కూడా వదలదు.

అంతా ఎక్కించాక చీకట్లో హెడ్‌లైట్లు వేసి చూడండి. వెనక బరువు పెరిగితే కారు ముక్కు లేచి, వెలుగు ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. స్టీరింగు పక్కన లైటు ఎత్తు మార్చే చిన్న చక్రం ఉంటే దాన్ని తిప్పి వెలుగును కిందికి దించండి. ఆ చక్రం ఎందుకుందో తెలియకుండానే కార్లు అమ్ముకునేవాళ్లు ఉన్నారు.

5. తెల్లవారుజామున బయల్దేరండి

నాలుగున్నర, ఐదింటికి ఇల్లు వదలండి. రాత్రి ప్రయాణం వద్దు. దారి ఇది: జడ్చర్ల వరకు 44వ జాతీయ రహదారి, అక్కడి నుంచి మహబూబ్‌నగర్, మక్తల్ మీదుగా కృష్ణ దాటి రాయచూరు. ఇక్కడికి 210 కిలోమీటర్లకు అటూఇటుగా అవుతుంది. తర్వాత మాన్వి, సింధనూరు, కారటగి, గంగావతి, ఆనెగుంది. మధ్యలో ఆగడాలతో కలిపి ఎనిమిది గంటలు వేసుకోండి. మ్యాపు అంతకంటే తక్కువ చూపిస్తుంది, దానికి టీ తాగే అలవాటు లేదు.

కర్నూలు, బళ్లారి మీదుగానూ వెళ్లవచ్చు. దూరం ఎక్కువ, కానీ కర్నూలు వరకు విశాలమైన రహదారి. రాయలసీమ నుంచి వచ్చేవాళ్లకు అదే దారి. కారు లేనివాళ్లు గుంతకల్లు మీదుగా హోస్పేట వెళ్లే రైలు చూసుకోండి. ప్యాడ్ అక్కడే అద్దెకు తీసుకుంటే సరిపోతుంది.

జడ్చర్ల దాకా కునుకు ప్రమాదం, ఆ తర్వాత రోడ్డు ప్రమాదం. ఊరు మొదట్లో, చివర్లో రంగు వేయని స్పీడ్ బ్రేకర్లుంటాయి. నిండు బరువుతో ఉన్న కారు వాటికి అడుగు తగిలించుకుంటుంది. ఇళ్లు కనిపించగానే 40కి తగ్గించండి. సింధనూరు, గంగావతి తుంగభద్ర ఎడమ కాలువ కింది వరి ప్రాంతాలు. కోతల కాలంలో రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోస్తారు. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీలు చీకటిపడ్డాక కూడా తిరుగుతుంటాయి. పగలే ఈ దారి దాటేయమనడానికి ఇదొక్కటి చాలు.

ప్రతి రెండు గంటలకు డ్రైవరు మారాలి. బాగానే ఉన్నాను అన్నా మారాలి. నడిపే మనిషి చివరి పది నిమిషాల్లో దాటిన ఊరి పేరు చెప్పలేకపోతే వెంటనే బండి ఆపి నిద్రపొమ్మనండి. కాఫీ దానికి విరుగుడు కాదు.

రాయచూరులో ఆగి మరమరాల ఒగ్గరణ, మిర్చి బజ్జీ తినండి. కర్నూలువాళ్ల ఉగ్గాని బజ్జీయే అది. దారి తప్పితే కంగారు వద్దు. సింధనూరు, గంగావతి చుట్టుపక్కల 'క్యాంపు' అని పేరున్న ఊళ్లు చాలా వరకు కాలువ నీళ్లు వచ్చాక ఆంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన రైతులవి. తెలుగులోనే అడగవచ్చు. కన్నడ బోర్డులను కూడా మనం కూడబలుక్కుని చదివేయగలం. గంగావతిలో పెట్రోలు, నగదు, మందులు, నీళ్లు సర్దుకోండి.

అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033.

6. చేరిన రోజు ఎక్కవద్దు

ఎనిమిది గంటలు కూర్చున్న నడుముతో, నీళ్లు చాలని ఒంటితో మొదటి గుండు ఎక్కబోయి చీలమండ బెణికించుకునేవాళ్లు ప్రతి శీతాకాలంలోనూ ఉంటారు. ఆ సాయంత్రం నడవండి. మరుసటి ఉదయం ఎక్కబోయే గుండ్లు చూసుకోండి, నీడ ఎప్పుడు ఎటు పడుతుందో గమనించండి. దారి పొలాల మీదుగా ఉంటే గట్టు మీదే నడవండి. ఎవరైనా రైతు వద్దంటే వాదించకుండా వెనక్కి రండి.

హంపి 1986 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. మండపాలు, కోట గోడలు, చెక్కిన రాళ్లు, వాటిని ఆనుకుని ఉన్న గుండ్లు ఎక్కకూడదు. అనుమానం వస్తే వదిలేయండి, గుండ్లకు అక్కడ కరువు లేదు. క్లైంబర్లు రిషిముఖ్ అని పిలిచే మిట్ట రామాయణంలోని ఋష్యమూకమేనని స్థానికుల నమ్మకం. పక్కనే అంజనాద్రి. హనుమంతుడు పుట్టింది అక్కడా, తిరుమలలోనా అన్న తగువులోకి నేను దిగను గానీ, శనివారాల్లో ఆ కొండ కింద రోడ్డు కార్లతో నిండిపోతుందని మాత్రం చెప్పగలను.

చీకటి పడ్డాక గుండ్ల మధ్య ఒంటరిగా తిరగకండి. ఆ కొండల్లో చిరుతలు, ఎలుగుబంట్లు ఉన్నాయి. నదికి అవతల దరోజిలో ఎలుగుబంట్ల కోసమే ఒక అభయారణ్యం ఉంది. కాలువ గట్ల మీద, చెరువు దగ్గర రాత్రిపూట కాలక్షేపమూ వద్దు. తుంగభద్రలో ఈతకు దిగకండి. రాళ్ల కింద సుడులుంటాయి, మొసళ్లూ ఉన్నాయి.

7. మొదటి ఉదయం: ఎక్కేముందు దిగే దారి

వెలుగు రాగానే మొదలుపెట్టి పదింటికల్లా ఆపేయండి. మళ్లీ నాలుగు తర్వాత. మధ్యాహ్నం రాయి వేడెక్కితే చేతులు చెమర్చి జారతాయి, చర్మం రెండింతలు అరుగుతుంది.

ప్రతి గుండు దగ్గరా ఈ వరుస తప్పకండి.

ముందు చుట్టూ తిరిగి పైనుంచి దిగే దారి చూడండి. ఎక్కాక దిగలేక పైన కూర్చుండిపోవడం మొదటిసారి వచ్చేవాళ్లకు మామూలు. చుట్టూ తిరిగినప్పుడే తేనెపట్టు ఉందేమో పైకి చూడండి. కనిపిస్తే చప్పుడు చేయకుండా ఇంకో గుండుకు వెళ్లిపోండి.

తర్వాత పడే చోటు. ప్యాడ్ కింద మొనదేలిన రాయి, గుంట, పొద ఉండకూడదు. రెండు ప్యాడ్లు కలిసే చోట సందు వదిలితే చీలమండ అందులోనే పడుతుంది. పరిచాక బూట్లు విప్పి వాటి మీద అంచు నుంచి అంచుకు నడవండి. అరికాలికి మెట్టుగానీ సందుగానీ తగిలితే సర్దండి. ఎక్కేవాళ్లు పక్కకు జరుగుతున్న కొద్దీ కింద ప్యాడ్ కూడా జరగాలి. ఆ పని ఎవరిదో ముందే అనుకోండి.

పట్టులను పరీక్షించండి. రాయి నుంచి పలకలా లేచిన అంచు కనిపిస్తే అరచేతితో రెండు మూడు చోట్ల తట్టండి. గట్టి రాయి చేతికి మొద్దుగా తగులుతుంది, చప్పుడు పెద్దగా రాదు. పలక విడిపోతున్న చోట డొల్ల చప్పుడు వినిపిస్తుంది, కింద వేలు ఆనిస్తే అదురు తెలుస్తుంది. అలాంటిదాన్ని లాగకండి, దాని మీద కాలు పెట్టకండి.

కింద కాపు కాసేవాళ్లు పడేవారిని బంతిలా పట్టుకోవాలని చూడకూడదు. చేతులెత్తి, బొటనవేళ్లు లోపలికి ముడిచి, నడుము దగ్గర అదిమి ప్యాడ్ మీదికి మళ్లిస్తే చాలు. తల, వీపు రాయికి తగలకుండా చూడటమే వాళ్ల పని. ఫోనులో వీడియో తీస్తున్న మనిషి కాపు కాస్తున్నట్టు కాదు.

గుండు ఎక్కడం అయ్యాక చాక్ గీతలను నైలాను బ్రష్‌తో తుడవండి. ఇనుప బ్రష్ వాడితే రాయి అరిగిపోతుంది. ప్యాడ్‌ను రాత్రి బయట వదిలితే పొద్దున దులపకుండా ముట్టుకోవద్దు, తేళ్లు చేరతాయి. కోతుల సంగతి చెప్పనక్కరలేదు, అరటిపళ్లు కారులో పెట్టి అద్దాలు ఎక్కించండి.

8. వేళ్ల చర్మాన్ని పొదుపు చేసుకోండి

హంపి గ్రానైటులో స్ఫటికాలు సూదుల్లా ఉంటాయి. మొదటి ఉదయం ఉత్సాహంతో ఒకే గుండు మీద ఇరవైసార్లు ప్రయత్నిస్తే మిగిలిన సెలవంతా ఆనెగుంది ఫొటోలు తీసుకుంటూ గడపాలి. రెండు ప్రయత్నాల మధ్య ఐదు నిమిషాలైనా ఆగండి. మొదటిరోజు మీకు చాతనైన గ్రేడుకు రెండు మెట్లు కింద మొదలుపెట్టండి. ఇండోర్ గోడ మీది గ్రేడు ఇక్కడ చెల్లదు.

గంటకోసారి వేలి కొనలను వెలుతురులో చూసుకోండి. గరుకుగా, మాసిన రంగులో ఉంటే ఫరవాలేదు. అద్దంలా మెరుస్తూ గులాబీ రంగు తేలిందంటే ఇంకో రెండు మూడు ప్రయత్నాల్లో చిట్లుతుంది. అప్పుడే ఆపండి. చిట్లాక టేపు చుట్టి ఎక్కవచ్చు గానీ పట్టు తగ్గుతుంది. కాయలు కాచి లేచిన అంచులను రాత్రి గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. లేకపోతే ఆ అంచే రాయికి తగులుకుని చర్మాన్ని లాగేస్తుంది.

9. తిరుగు ప్రయాణం

చివరి సాయంత్రమే ఎక్కడం ముగించండి. రాత్రి పూర్తిగా నిద్రపోయి ఏడింటికి బయల్దేరండి. 'పొద్దున ఒక్క గుండు ఎక్కి పోదాం' అనేవాళ్లు పదకొండింటికి గానీ కారెక్కరు. దాంతో జడ్చర్ల దగ్గర చీకటి పడుతుంది, శంషాబాద్ దగ్గర ఆదివారపు రద్దీలో ఇరుక్కుంటారు.

నడపబోయే వారు ముందుగా పిడికిలి బిగించి, స్టీరింగును రెండు చేతులతో పట్టుకుని అటూఇటూ తిప్పి చూసుకోవాలి. వేళ్లు వాచి పట్టు జారుతున్నా, ఎక్స్‌లరేటరు నుంచి బ్రేకు మీదికి పాదం జరిపేటప్పుడు చీలమండ నొప్పిపెట్టినా ఇంకొకరు నడపాలి. ఎవరికీ చాతకాకపోతే ఒకరోజు ఆగండి. ఆఫీసుకు ఫోను చేయడం అంత కష్టమేమీ కాదు.

బయల్దేరే ముందు టైర్ల గాలి మళ్లీ కొలవండి. మట్టిదారుల్లో తిరిగారు కనుక టైరు లోపలి గోడ మీద కోతలున్నాయేమో టార్చి వేసి చూడండి. పైకప్పు బెల్టులను కొత్తగా కట్టండి, వచ్చేటప్పటి కట్టును నమ్మకండి.

ఇల్లు చేరిన రోజే ప్యాడ్లు తెరిచి నీడలో ఆరబెట్టండి. షూలను డిక్కీలోంచి తీసి గాలి తగిలే చోట పెట్టండి. పంక్చరు కిట్టులో వాడినవి ఏమున్నాయో రాసి, ఆ వారంలోనే కొని మళ్లీ వెనక సీటు కిందే పెట్టండి.